ఒలకని టీ

పినాకిని మోటార్స్ పరీక్షా కేంద్రంలో కంప్యూటర్లకు కొదవ లేదు గానీ, ఏ బండి బాగుందో చివరి తీర్పు చెప్పేది మాత్రం ఒక టీ గ్లాసు. ఎండిన పెన్నా ఇసుకలో, గండికోట రాళ్లలో పొద్దంతా బండి తోలి వచ్చిన రైడరు హెల్మెట్ తీసీ తీయగానే, మస్తాన్ అనే టీ మాస్టరు గ్లాసు అంచుదాకా టీ పోసి, కింద సాసరు పెట్టి చేతికిస్తాడు. దాన్ని పట్టుకుని రైడరు రేకుల షెడ్డు నుంచి ఆవరణ అవతలి గోడ దాకా నడవాలి. బండి ఒళ్లు కుదిపేసి ఉంటే చేతులు వణుకుతాయి, టీ ఒలుకుతుంది. సాసరులో ఎంత పడిందో చూసి మస్తాన్ బండికి మార్కులు వేస్తాడు. ఇంజనీర్లు సరదాకు మొదలుపెట్టిన ఆట ఇది. రెండేళ్లు తిరిగేసరికి అదే శాస్త్రమై కూర్చుంది.

ఆ సాయంత్రం ఓబులేసు గోడ దాకా నడిచి, అక్కడ వెనక్కి తిరిగి, మళ్లీ షెడ్డు దాకా వచ్చాడు. మస్తాన్ సాసరు తీసుకుని వెలుతురుకు పట్టి చూశాడు.

"ఒక్క చుక్క లేదు మేడం! అద్దం మాదిరి ఉండాది," అన్నాడు.

షెడ్డంతా చప్పట్లు. నాగవేణికి గుండె నిండిపోయింది. ఆ బండి ఆమె కట్టిన బండి. దాన్ని తోలిన ఓబులేసు ఆమె తోడబుట్టిన తమ్ముడు.

బండి అసలు పేరు కాగితాల మీద ఏదో ఉంది. మొదటి నమూనా మరీ బరువుగా, నల్లగా, పిలిస్తే పలకనట్టుగా ఉండేది కాబట్టి షెడ్డులో అందరూ దాన్ని గేదెతో పోల్చి 'ఎనుము' అని పిలిచేవారు. తర్వాత బండి సన్నబడింది, రంగు మారింది, ఎనుము పేరు మాత్రం పోలేదు. కంపెనీ అధిపతి భక్తవత్సలం గారు కూడా మీటింగుల్లో నోరు జారి అదే పేరు అనేసి నాలుక కరుచుకుంటూ ఉంటారు.

ఆ ఎనుముకు ప్రాణం ఓబులేసు అన్న ఒక్క మాటలోంచి వచ్చింది. అతను పరదేశపు ఎడారి ర్యాలీకి రెండుసార్లు వెళ్లాడు. రెండోసారి ఇసుక తిన్నె దిగుతుంటే ముందు చక్రం ఇసుకలో దాగిన రాయికి కొట్టుకుంది. అంత వేగంలో ఇంకెవరైనా అయితే గాలిలో ఎగిరి పడేవారు. ఓబులేసు బండి ఒక్క ఊగు ఊగి నిలబడింది. వీడియోలో ఆ క్షణాన్ని పదేపదే చూసి, "ఎట్ల నిలబెట్టినావురా?" అని నాగవేణి అడిగింది.

"నాకేం తెలుసక్కా? నేను చూసేతలికే చేతులు చేసేసినాయి," అన్నాడతను.

నిప్పు మీద చెయ్యి పడితే, ఆ కబురు మెదడుకు చేరకముందే వెన్నుపాము చేతిని వెనక్కి లాగుతుంది. ఓబులేసు బండిని నిలబెట్టిందీ అదే వేగం. దాన్ని మామూలు మనిషికి ఇస్తే? కదిరి బడిపంతులు, తాడిపత్రి నర్సమ్మ కూడా దారి లేని చోట దారి చేసుకుని పోగలిగితే? నాగవేణి హ్యాండిల్ తొడుగులో వెంట్రుకల్లాంటి తీగలు అల్లింది. చెయ్యి కదలబోయే ముందు నరంలో నడిచే కబురును అరచేతిలోనే అవి వినేస్తాయి. చెయ్యి కదిలేలోగా బండే పని ముగిస్తుంది. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు బిగుసుకుంటుంది, హ్యాండిల్ తనంతట తాను సర్దుకుంటుంది.

మొదటి రోజు బండి పనీ, చేతి పనీ ఒకేసారి జరిగాయి. ఒకే కుండలో ఇద్దరు గరిటె పెడితే ఏమవుతుందో అదే అయింది. ఎనుము ఓబులేసును ఇసుకలో విసిరికొట్టింది. అందుకని నాగవేణి ఇంకో చిన్న ఏర్పాటు చేసింది. బండి పని మొదలుపెట్టగానే తొడుగులోంచి చేతికి ఒక సన్నని తరంగం వెళ్తుంది. నువ్వు ఊరుకో, నేను చూసుకుంటాను అని దాని అర్థం. దానికి 'ఊరడింపు' అని పేరు పెట్టుకున్నారు. అది పెట్టిన రోజు నుంచి ఎనుము ఇసుక మీద పడవలా నడిచింది. నెలనెలా టీ ఒలకడం తగ్గుతూ వచ్చి, ఇవాళ పూర్తిగా ఆగిపోయింది.

దసరా దాటితే ఎడారి ర్యాలీ. ఎనుము మీద ఓబులేసు వెళ్తాడు. అతను గమ్యం చేరితే మరుసటి నెలే బండి అంగళ్లలోకి వస్తుంది.

ఆదివారం నాగవేణి జమ్మలమడుగులో తమ్ముడింటికి భోజనానికి వెళ్లింది. మరదలు మల్లీశ్వరి పొయ్యి మీద సంగటి కెలుకుతోంది. రెండేళ్ల పిల్ల బుడ్డమ్మ పెరట్లో కోడి వెంట పడింది. కోడిపులుసు వాసన వీధి చివర దాకా కొట్టి, ఆకలి లేనివాళ్లకు కూడా ఆకలి పుట్టిస్తోంది.

"ముద్దలు నేను చేస్తా, నువ్వు జరుగు," అని ఓబులేసు పొయ్యి దగ్గర కూర్చున్నాడు.

సంగటి ముద్ద చేయడమంటే నిప్పుతో సరసం. గిన్నెలోంచి తీసినప్పుడు అది పొగలు కక్కుతూ ఉంటుంది. చేతులు చన్నీళ్లలో ముంచి, ఒకసారి తిప్పి, 'హుష్' అని వదిలి, మళ్లీ ముంచి తిప్పాలి. రాయలసీమలో పుట్టినవాళ్లకు అది వేరే నేర్పక్కర్లేదు. ఓబులేసు పక్కనున్న నీళ్ల చెంబు ముట్టుకోలేదు. పొడి చేతులతో సంగటి తీసి, తీరిగ్గా, గుండ్రంగా తిప్పి, ఆకులో పెట్టాడు. రెండోది అందుకున్నాడు.

"ఏమి అన్నా, చేతులా అవి, ఇనుమా?" అని పక్కింటావిడ గోడ మీంచి మెచ్చుకుంది.

మల్లీశ్వరి మెచ్చుకోలేదు. పరుగున వచ్చి అతని చేయి పట్టుకుని తిప్పి చూసింది. అరచెయ్యి ఎర్రగా ఉబ్బి, బొటనవేలి కింద అప్పటికే బొబ్బ లేస్తోంది.

"కాలుతాందని తెలీలేదా?" అంది భయంగా.

"తెలుస్తాంది. బాగా కాలుతాంది," అన్నాడు ఓబులేసు. ముఖమంతా నొప్పి. చెయ్యి మాత్రం పెంపుడు పిల్లిలా ముద్ద మీదే పడుకుని ఉంది. "నేను లాక్కుందామనుకునేలోపల ఆలీసమైపోయింది, అంతే. ఏమీ కాదులే."

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు మల్లీశ్వరి వెన్న కోసం పరుగెత్తింది. నాగవేణి ఆకు పక్కకు జరిపింది. నొప్పి తెలిసినా వెనక్కి రాని చెయ్యిని ఆమె అంతకుముందు ఎక్కడా చూడలేదు. ఎందుకు రాలేదో ఆమెకు అర్థమవుతోంది. అర్థం కాకపోతే బాగుండునని అనిపించింది.

సోమవారం పొద్దున్నే ఆమె ఎనుమును తానే బయటికి తీసింది. బండి కట్టేవాళ్లకు బండి తోలడం రాదని లోకం అనుకుంటుంది గానీ, నాగవేణి పెన్నా ఇసుకలో తమ్ముడికి పోటీ కాకపోయినా, పడకుండా తిరిగి రాగలదు. ఓబులేసు తిరిగే దారే తిరిగింది. అన్ని ఏర్పాట్లూ, ఊరడింపుతో సహా, అతను తోలినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉంచింది. షెడ్డుకు వచ్చి గ్లాసు అడిగింది.

మస్తాన్ నవ్వుతూ పోశాడు. నాలుగడుగులు వేసేసరికి సాసరు సగం నిండింది. గోడ చేరేసరికి ప్యాంటు మీద కూడా టీయే.

"మీకు అలవాటు లేదు కదా మేడం," అన్నాడు మస్తాన్ ఓదార్పుగా.

"ఆర్నెల్ల కిందట కూడా ఓబులేసుకు ఇంతే ఒలికింది మస్తాన్ భాయ్. అప్పటికీ ఇప్పటికీ బండి పెద్దగా మారలేదు."

మస్తాన్ ఆమె చేతిలోని సాసరు అందుకున్నాడు. "అయితే ఇన్ని దినాలూ మనం చూసింది బండి బాగుపడేదాన్ని కాదా?"

"కాదు. వాని చేతులు ఆగిపోయేదాన్ని చూసినాం. చూసి చప్పట్లు కొట్టినాం."

అది ఎవరూ దాచిన తప్పు కాదు. అందరూ కూర్చుని, టీ తాగుతూ, మురిసిపోతూ చేసిన తప్పు. వేరే రైడర్లతో తోలించి చూద్దామన్నప్పుడల్లా, ఓబులేసు ఉండగా ఇంకొకరెందుకు అన్నది నాగవేణే. మంచి కొలబద్ద దొరికిందని సంబరపడింది. కొలిచే కొద్దీ కొలబద్దే అరిగిపోతోందని ఎవరికీ తట్టలేదు. రోజుకు కొన్ని వేలసార్లు బండి ఆ చేతులకు 'నువ్వు ఊరుకో' అని చెప్పింది. వెన్నుపాము చివరికి ఆ మాట విన్నది. బండి మీద విన్నది, ఇంట్లోనూ విన్నది.

భక్తవత్సలం గారు అంతా శ్రద్ధగా విన్నారు. ఆయన కేకలు వేసే మనిషి కాదు. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "కొనేవాళ్లు ఓబులేసులాగా పొద్దంతా తోలరు కదమ్మా," అన్నారు.

"కొంచెం తోలితే కొంచెం పోతాయి సార్. పోవడం మాత్రం ఖాయం."

"హెచ్చరిక రాసి అంటిద్దాం."

"చదువుతారు సార్. తెలుస్తుంది కూడా. మా తమ్ముడికీ సంగటి కాలుతోందని తెలిసింది. తెలిస్తే చెయ్యి వెనక్కి రావాలి కదా."

ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు. ఆయన జీవితమంతా ఈ బండి మీదే పెట్టారని నాగవేణికి తెలుసు. అందుకే ఆ తర్వాత ఆయన అన్న మాటకు ఆమె కోపగించుకోలేకపోయింది.

"చేతులు ఓబులేసువి. అతన్ని అడుగు. అతను వద్దంటే ర్యాలీ వద్దు, బండీ వద్దు. వెళ్తానంటే మాత్రం ఈ ఒక్కసారికి అడ్డం రాకు."

నాగవేణి జమ్మలమడుగు వెళ్లేసరికి ఓబులేసు అరుగు మీద కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తున్నాడు. అరచేతికి గుడ్డ చుట్టి ఉంది. బుడ్డమ్మ అతని పక్కనే అరుగు మీద నిలబడి, తండ్రి భుజం పట్టుకుని గంతులేస్తోంది. నాగవేణి ఎదురుగా మెట్ల మీద కూర్చుని, ఒడిలో కాయలు పోసుకుని, ఒలుస్తూనే అంతా చెప్పింది. 

"నాకు తెలుసక్కా," అన్నాడు చివరికి.

"ఏం తెలుసు?"

"మొన్న మోపెడ్ మీద పోతాంటే కుక్క అడ్డమొచ్చింది. బ్రేకు పట్టుకోలేకపోయినా. చెయ్యి బ్రేకు మీదే ఉండాది. పట్టుకోలేదు. కుక్కే తప్పుకునింది, పాపం."

"మరి చెప్పలేదేంటికిరా?"

"చెప్తే నువ్వు బండి ఆపుతావు." కాయ ఒలిచి గింజలు చాటలో వేశాడు. "రెండుసార్లు పోయినా అక్కా ఆ ఎడారికి. రెండుసార్లూ ఆఖరుదాకా చేరలేదు. మూడోసారి ఎవరు పిలుస్తారు నన్ను? ఎనుము మీద కూర్చుంటే నాకు చేతులుండాయి. యాడా లేనంత బాగుండాయి. ఈ ఒక్కసారి పోయొస్తా. ఆ తర్వాత నువ్వు దాన్ని పగలగొట్టినా నేను అడగను."

"దిగినాక?"

"దిగినాక చూసుకుందాం."

"చేతుల్లేకుండా ఏం చూసుకుంటావురా?" అంది నాగవేణి. చిన్నప్పుడు గోలీలాటలో వీధి మొత్తాన్నీ ఓడించిన చేతులవి. వాటిని చూసే ఆమె ఈ చదువు చదివింది, ఈ బండి కట్టింది. ఆ మాట చెబుదామనుకుని, చెప్పలేక, కాయలు ఒలిచింది.

అప్పుడు బుడ్డమ్మ తండ్రి భుజం వదిలేసింది. ఎగిరే పిచుకను చూసి కిలకిల నవ్వుతూ వెనక్కి ఒక అడుగు వేసింది. వెనక అరుగు లేదు.

నాగవేణి ఒడిలో కాయలతో లేచేలోపే అయిపోయింది. పిల్ల ఓబులేసుకు జానెడు దూరంలో ఉంది. అతను చూశాడు. కళ్లు పెద్దవయ్యాయి. "అక్కా!" అని నోరు అరిచింది. చేతులు మాత్రం మోకాళ్ల మీద, పాలు తాగి పడుకున్న పిల్లల్లా, కదలకుండా ఉన్నాయి.

అరుగు ఎత్తు తక్కువే, కింద మెత్తటి మట్టే. బుడ్డమ్మ నుదుటి మీద రేగుపండంత బొప్పి కట్టింది, అంతే. గుక్కపట్టి ఏడ్చి, మల్లీశ్వరి వచ్చి ఎత్తుకుని బెల్లం ముక్క నోట్లో పెట్టగానే, ఏడుపు మరిచిపోయి చప్పరించసాగింది. మల్లీశ్వరి బొప్పి మీద చెయ్యి పెట్టి చూసింది. పిల్లను లోపలికి తీసుకుపోయింది.

ఓబులేసు తన చేతుల వంక చూసుకుంటూ కూర్చున్నాడు.

"పడతాదని తెలుసక్కా. ముందే తెలుసు. చేతులు కాచుకోని ఉండాయి."

"దేనికి?"

"బండి పట్టుకుంటాదని."

నాగవేణి వచ్చి పక్కన కూర్చుంది. చెనిక్కాయలు కాళ్ల కింద నలిగాయి. తమ్ముడు ఏడుస్తున్నాడని ఆమెకు తెలిసింది గానీ అటు చూడలేదు. తానూ ఏడుస్తోంది.

"ఆ ఊరడింపు పీకెయ్యక్కా. నేను యాడికీ పోను," అన్నాడతను.

అలా ఆ ఏడు ఎడారి ర్యాలీకి ఎనుము వెళ్లలేదు. భక్తవత్సలం గారు మాట మీద నిలబడ్డారు. డీలర్లకు తానే ఫోన్లు చేసి, తానే తిట్లు తిన్నారు. ర్యాలీ మొదలైన రోజు పరీక్షా కేంద్రంలో ఎవరూ ఫోను తెరవలేదు. ఓబులేసు మాత్రం మస్తాన్ బల్ల మీద కూర్చుని, ఎవరు ముందున్నారో, ఎవరు పడ్డారో చివరి రోజు దాకా చూశాడు. ఆఖరుదాకా చేరిన ప్రతి ఒక్కరికీ, పేరు తెలిసినా తెలియకపోయినా, నిట్టూర్చి 'శభాష్' అన్నాడు. ఆ 'శభాష్' విన్నప్పుడల్లా నాగవేణి లేచి బయటికి పోయేది.

పోయిన చేతులు తిరిగొస్తాయో రావో కర్నూలు డాక్టరు చెప్పలేదు. వెన్నుపాము మరిచింది మళ్లీ నేర్చుకోవాలి, పనులు చెయ్యండి, పిల్లలతో ఆడండి, అన్నాడు. మందు అంటూ ఏమీ లేదు. బుడ్డమ్మకు మాత్రం పండగ. నిమ్మకాయలు, ఉల్లిగడ్డలు, చివరికి మల్లీశ్వరి చీపురు కూడా తండ్రి మీదికి విసిరేది. అతను పట్టుకోబోయేవాడు, చెయ్యి ఆలస్యంగా లేచేది, నిమ్మకాయ ముక్కుకు తగిలేది. బుడ్డమ్మ పడీపడీ నవ్వేది. ఒక నెలంతా ఓబులేసు ముక్కు ఎర్రగానే ఉంది. రెండో నెలలో పది నిమ్మకాయల్లో ఒకటి చేతికి చిక్కింది. ఆ నిమ్మకాయను మల్లీశ్వరి పులిహోరలో పిండలేదు. అది గూట్లోనే ఎండిపోయింది.

షెడ్డులో నాగవేణి ఎనుమును ముక్కలు ముక్కలుగా విప్పింది. సైకిల్ నేర్పేవాడు వెనక సీటు పట్టుకుని పరిగెడతాడు తప్ప హ్యాండిల్ లాక్కోడు. బండి కూడా అంతవరకే చెయ్యాలని ఆమె పట్టుబట్టింది. చెయ్యి ముందు కదలాలి, సగం పని చెయ్యాలి. ఆ తర్వాతే బండి చెయ్యి కలపాలి. చేతికి ఊరుకోమని చెప్పే హక్కు బండికి లేదు. ఇలా చేస్తే బండి పడవలా నడవదు. ఒళ్లు కుదుపుతుంది, అలుపొస్తుంది, కొత్తవాళ్లు ఒకటి రెండుసార్లు పడతారు కూడా. "వేణీ, మనం మళ్లీ ఎనుమునే కట్టాం," అని భక్తవత్సలం గారు నిట్టూర్చి, సరే కానిమ్మన్నారు.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక సాయంత్రం ఓబులేసు ఆ కొత్త ఎనుము మీద మొదటిసారి కూర్చున్నాడు. ర్యాలీ వేగం కాదు, ఎడ్లబండి వేగం కంటే కాస్త ఎక్కువ. ఇసుకలో రెండుసార్లు పడ్డాడు. రెండుసార్లూ తానే లేపుకుని ఎక్కాడు. ఒళ్లంతా దుమ్ముతో షెడ్డుకు తిరిగొచ్చి హెల్మెట్ తీశాడు. 

మస్తాన్ అలవాటు చొప్పున గ్లాసు నిండా పోశాడు. పోశాక భయపడ్డాడు. గ్లాసు వెనక్కి తీసుకోబోయాడు.

"ఇయ్యి భాయ్," అని ఓబులేసు అందుకున్నాడు.

మొదటి అడుగుకే గ్లాసు కాస్త తొణికింది. రెండో అడుగుకు సాసరులో పడింది.  మూడో అడుగులో గ్లాసు పక్కకు ఒరిగి, సలసల కాగే టీ మణికట్టు మీద పడింది. ఓబులేసు "అబ్బా!" అని అరిచాడు. అరుపు నోరు దాటేలోపే చెయ్యి వెనక్కి లాక్కుంది. గ్లాసు ఒకవైపు, సాసరు ఒకవైపు ఎగిరి నేల మీద పడి పగిలిపోయాయి.

షెడ్డులో అందరూ లేచి నిలబడ్డారు. ఓబులేసు తన చెయ్యి తానే కొత్తగా చూస్తున్నాడు. మణికట్టు ఊదుకుంటూ, ఎగిరెగిరి కాలు నేలకేసి కొడుతూ, "కాలిందక్కా! కాలింది!" అంటున్నాడు, ముఖమంతా నవ్వు.

నాగవేణి గాజు పెంకుల మీదుగానే పరుగెత్తి వెళ్లి ఆ చెయ్యి పట్టుకుంది. చెయ్యి ఆమె వేళ్లలో వణుకుతోంది. వదలాలనిపించలేదు.

మస్తాన్ కళ్లు తుడుచుకుని, ఇంకో గ్లాసు కడిగి, టీ కెటిల్ ఎత్తాడు. "ఎంత పోయమంటావు? సగమా?" అన్నాడు.

"నిండా పొయ్యి భాయ్," అన్నాడు ఓబులేసు.